భూమిని కొలిచిన లాంబ్టన్

మన నిఘంటువులలో భూమికి అచల యనియు, స్థిర యనియు పేర్లు కలవు. కదలనిది, నిలుకడ గలది అని ఆ మాటల కర్థము. తంబళ్లపల్లె చెంతనున్న మల్లయ్యకొండపై నిలిచి, దక్షిణపు దిక్కున హార్సిలీ కొండల వంక చూచువారికి ఈ పేర్లు భూమికి తగియున్నవనియే తోచును. తాతలు చూచిన కొండలనే మనుమలును చూచుచున్నారు. అయినను ఆ కొండలును, వాని క్రింది నేలయు, ఆ నేలపై నివసించు మనమును కలిసి ఏటేట సుమారు 5 సెంటీమీటర్లు ఈశాన్య దిశగా కదలుచున్నామని నేటి శాస్త్రజ్ఞులు కొలిచి చెప్పుచున్నారు.

కంటికి కనబడని ఈ కదలికను కనుగొనుట యెట్లు? నిన్నటి కొలతను నేటి కొలతతో పోల్చిచూచుట యొక్కటే మార్గము. అట్లు పోల్చవలెనన్న నిన్నటి కొలత నిక్కమైనది కావలయును. దక్షిణాపథమున అట్టి నిక్కమైన కొలతకు తొలుత పునాది వేసినవాడు విలియం లాంబ్టన్. భూకంపముల శాస్త్రమును ఆయన ఎరుగడు. ఆ శాస్త్రము ఆయన కాలమున పుట్టనే లేదు. అయినను ఆయన ఆరంభించిన పని నేడు మన ప్రాణరక్షణకు తోడ్పడుచున్నది. ఆ కథ తెలిసికొనదగినది.

లాంబ్టన్ 1753 ప్రాంతమున ఇంగ్లండు దేశములోని యార్కుషైరు మండలమున ఒక సామాన్య కుటుంబములో జన్మించెను. నార్తలర్టన్ అను పట్టణములోని పాఠశాలలో చదువుకొనెను. చిన్ననాటి నుండియు గణితమనిన ఆయనకు మిక్కిలి ప్రీతి. 1781లో సైన్యమున చేరి అమెరికాకు పోయెను. అది అమెరికా స్వాతంత్ర్యయుద్ధము జరుగుచున్న సమయము. యార్కుటౌను కడ ఆంగ్లసేన ఓడిపోగా, లాంబ్టనును శత్రువులకు చిక్కి యుద్ధఖైదీ యయ్యెను. విడుదలైన పిమ్మట నేటి కెనడాలోని న్యూబ్రన్స్విక్ అను చోట సైనికుల వసతిగృహములను చూచుకొను చిన్న ఉద్యోగమున పండ్రెండేండ్లకు పైగా గడపెను. ఆ మంచుసీమలో స్నేహితులు కొద్ది, తీరిక యెక్కువ. ఆ తీరికనంతయు ఆయన గణితమునకును, ఖగోళశాస్త్రమునకును వినియోగించెను. ఒకనాడు సూర్యగ్రహణమును తగిన రక్షణ లేకుండ చూచుటచే ఒక కంటి చూపు దెబ్బతినెను. అట్టివాడే తరువాత ఇరువది సంవత్సరములు దుర్భిణిలో కన్నుపెట్టి దూరపు కొండలను గురిచూచుటయే వ్రతముగా బ్రతికెను.

పద్దెనిమిదవ శతాబ్దపు తుదినాళ్లలో ఆయన తన పటాలముతో కూడ భారతదేశమునకు వచ్చెను. అప్పటికాయన వయస్సు నలువది దాటినది. తోడివారు పెద్ద పదవులలో నుండగా ఆయన ఇంకను క్రింది ఉద్యోగిగనే యుండెను. 1799లో కంపెనీ సేనలు టిప్పు సుల్తానుపై దండెత్తి శ్రీరంగపట్టణమునకు పోవుచుండెను. ఒకనాటి రాత్రి బెయిర్డు అను సేనాని తన దళముతో చీకటిలో నడచుచుండెను. తాము ఉత్తరముగా తమ శిబిరమునకు పోవుచున్నామని అందరును తలచిరి. లాంబ్టన్ ఆకాశమువంక చూచెను. సప్తర్షిమండలమున్న తీరును బట్టి తాము దక్షిణముగా, అనగా శత్రువు వైపునకే పోవుచున్నామని గ్రహించి సేనానికి విన్నవించెను. బెయిర్డు మొదట ఆ మాట నమ్మలేదు. పిదప వెలుగు తెప్పించి దిక్సూచిని చూడగా నక్షత్రములు చెప్పినదే నిజమయ్యెను. దళము వెనుకకు తిరిగి బ్రదికి బయటపడెను. ఆనాటినుండి పెద్దలకు లాంబ్టన్ మాటయందు గౌరవము కలిగెను.

యుద్ధము ముగిసిన వెంటనే లాంబ్టన్ మద్రాసు ప్రభుత్వమునకు ఒక పథకమును సమర్పించెను. ద్వీపకల్పమును తూర్పు సముద్రము మొదలు పడమటి సముద్రము వరకు త్రిభుజములతో కొలువవలెనని దాని సారాంశము. కంపెనీవారి దృష్టి శిస్తులపైనను, సేనలు నడచు దారులపైనను ఉండెను. దేశమును పాలించుటకు వారికి పటములు కావలసియుండెను. లాంబ్టన్ దృష్టి మాత్రము అంతకు మించినది. భూమి సంపూర్ణమైన గోళము కాదనియు, ధ్రువముల కడ కొంత నొక్కుకొనిపోయి యున్నదనియు పండితులు అప్పటికే ఎరుగుదురు. ఆ నొక్కు ఎంతయో భారతదేశమున కొలిచి తేల్చవలెనని ఆయన కోరిక.

ఈ పథకమును అందరును మెచ్చుకొనలేదు. మద్రాసులోని ఆర్థికాధికారి యొకడు దీనిని పరిహసించెను. శ్రీరంగపట్టణమునకు పోదలచినవాడు పల్లకి బోయీలతో ఆ మాట చెప్పిన చాలునట. వారే తీసికొనిపోదురు, ఇక లాంబ్టన్ కొలతలతో పని యేమి అని ఆయన వాదము. బంగాళదేశమును సర్వే చేసి పేరుగాంచిన రెన్నెల్ సైతము ఇది అనవసరపు ఖర్చని తలచెను. అయినను ఆర్థర్ వెల్లస్లీ వంటివారి తోడ్పాటు వలన పథకమునకు అనుమతి లభించెను.

పనికి తగిన యంత్రములు కావలెను. కోణములను కొలుచుటకు లండనులో కేరీ అను శిల్పి చేసిన గొప్ప థియొడొలైటు యంత్రము ఓడపై బయలుదేరెను. దాని బరువు దాదాపు అరటన్ను. దారిలో ఫ్రెంచివారు ఆ ఓడను పట్టుకొని యంత్రమును మారిషసు ద్వీపమునకు కొనిపోయిరి. ఇంగ్లండునకును ఫ్రాన్సునకును అప్పుడు యుద్ధము జరుగుచుండెను. అయినను అది శాస్త్రపరికరమని తెలిసికొని, ఆ ద్వీపపు ఫ్రెంచి గవర్నరు దానిని మర్యాదతో మద్రాసునకు పంపివేసెను. విద్యకు శత్రువులు లేరనుటకు ఇది చక్కని నిదర్శనము.

1802 ఏప్రిల్ 10వ తేదీన మద్రాసు చెంత పరంగిమలై యొద్ద లాంబ్టన్ ఆధారరేఖను కొలువ నారంభించెను. ఆయన పద్ధతి యిది. త్రిభుజములో ఒక భుజము పొడవును, దాని రెండు కొనలయందలి కోణములును తెలిసిన, మిగిలిన రెండు భుజములను లెక్కకట్టవచ్చును. కావున నేలపై ఒక్క రేఖను మాత్రము గొలుసుతో కొలిచిన చాలును. దూరపు కొండనొకదానిని గురిచూచి కోణములు తీసిన, ఆ కొండ ఎంత దూరమున నున్నదో తేలును. ఆ భుజముపై మరియొక త్రిభుజము, దానిపై ఇంకొకటి, ఇట్లు దేశమంతయు వల పన్నినట్లు కొలువవచ్చును. అయితే మొదటి రేఖలో ఇసుమంత తప్పు దొరలినను అది త్రిభుజము వెంట త్రిభుజమునకు ప్రాకిపోవును.

అందువలన ఆయన మొదటి రేఖపై చూపిన శ్రద్ధ ఆశ్చర్యకరమైనది. రేఖ పొడవు ఏడున్నర మైళ్లు. ఉక్కు గొలుసు పొడవు నూరడుగులు. ఎండకు ఉక్కు సాగును, చల్లదనమునకు ముడుచుకొనును. కాబట్టి గొలుసును చెక్కపెట్టెలలో పరచి, ఉష్ణమాపకములతో వేడిని చూచి, ఆ సాగుదలను లెక్కలోనుండి తీసివేయుచు, నన్నూరు పర్యాయములు గొలుసును పరపించెను. మద్రాసు వేసవిలో ఈ పనికి 57 దినములు పట్టెను. పిమ్మట త్రిభుజముల వరుస తమిళ, తెలుగు, కన్నడ సీమలు కలియు కొండల మీదుగా బెంగుళూరునకు సాగెను. 1804లో బెంగుళూరు కడ మరియొక ఆధారరేఖను గొలుసుతో కొలిచి, మద్రాసు నుండి లెక్కకట్టి తెచ్చిన పొడవుతో పోల్చిచూచిరి. ఏడు మైళ్లకు పైబడిన ఆ రేఖలో తేడా నాలుగంగుళములైనను లేదు. త్రిభుజములు పడమటి తీరమును చేరగా, ఆ అక్షాంశమున ద్వీపకల్పపు వెడల్పు నన్నూరు మైళ్లు కాదనియు, మున్నూట అరువది మైళ్లే యనియు తేలెను. పాత పటములు నలువది మైళ్లు తప్పు చెప్పుచుండెను. పరిహసించినవారి నోళ్లు మూతపడెను.

ఈ పని లాంబ్టన్ ఒక్కడు చేసినది కాదు. యంత్రమును మోయు కూలీలు, శిఖరములపై జెండాలు పట్టి దినముల తరబడి నిలుచు ఖలాసీలు, అడవులు కొట్టి దారితీయు పల్లెజనులు వందలకొలది ఆయన వెంట నుండిరి. దుర్భిణిలో చూచినచో అంతఃపురములు కనబడునని కొందరు పాలెగాండ్రు అనుమానపడి కొండలెక్కనీయలేదు. అడవిజ్వరములు ఎందరినో పొట్టనబెట్టుకొనెను. వారి పేర్లు ఏ పటముమీదను లేవు. అయినను వారి చెమట లేనిదే ఆ పటములు లేవు.

1808లో గొప్ప విపత్తు సంభవించెను. తంజావూరు బృహదీశ్వరాలయ విమానముపైకి థియొడొలైటును మోకులతో లాగుచుండగా ఒక మోకు తెగి యంత్రము గోడకు కొట్టుకొనెను. కోణములు చదువుటకైన గుండ్రని పళ్లెము వంకరపోయెను. చూచినవారందరును ఇక ఈ యంత్రము పనికిరాదనుకొనిరి. మరియొకటి ఇంగ్లండు నుండి రావలెనన్న సంవత్సరములు పట్టును. లాంబ్టన్ ఎవరిని నిందింపలేదు. ఒక గుడారములో తలుపు బిగించుకొని కూర్చుండెను. చదునైన పలకపై ఆ పళ్లెపు సరియైన కొలతకు వలయము గీచెను. చీలలతో, మరలతో, కప్పీలతో వంకరపోయిన అంచును వెంట్రుకవాసి చొప్పున లాగుచు, ఆరు వారములలో దానిని మరల ఆ వలయమునకు సరిపుచ్చెను. ఆ యంత్రము తరువాత ఎన్నో యేండ్లు పనిచేసెను.

తూర్పు పడమరల కొలత ముగిసిన పిమ్మట ఆయన కన్యాకుమారి ప్రాంతము మొదలుకొని ఉత్తరముగా, 78వ రేఖాంశమునకు దాపుగా, గొప్ప చాపరేఖను నడిపించెను. బెంగుళూరు దాటి ఈ వరుస తెలుగు సీమలో ప్రవేశించెను. 1811లో గుత్తి కడ ఒక ఆధారరేఖను, 1815లో బీదరు ప్రాంతమున మరియొకదానిని కొలిచిరి. కన్యాకుమారి నుండి బీదరు వరకు దాదాపు పది అక్షాంశముల పొడవున నేల కొలతకు లొంగెను. 1817లో ఇంగ్లండులోని రాయల్ సొసైటీ ఆయనను సభ్యునిగా ఎన్నుకొనెను. 1818లో ఈ పనికి మహా త్రికోణమితి సర్వే యను పేరు వచ్చెను. లాంబ్టన్ హైదరాబాదును ముఖ్యస్థానముగా చేసికొనెను. జార్జి ఎవరెస్టు అను యువకుడు సహాయకుడుగా చేరి, కృష్ణా గోదావరుల నడిమి అడవులలో కొలతలు తీయుచు జ్వరముతో మంచము పట్టెను. వాయిసీ అను వైద్యుడు రోగులకు మందులిచ్చుచునే తెలుగు సీమల శిలలను పరిశీలించి భూగర్భశాస్త్రమునకు దారితీసెను.

లాంబ్టన్ కప్పుడు డెబ్బదియేండ్లకు దగ్గరగా వయస్సు. దగ్గు విడువకుండెను. అయినను విశ్రాంతి కోరలేదు. కార్యస్థానమును నాగపురమునకు మార్చుటకై పయనమైపోవుచు, 1823 జనవరి 20వ తేదీన, నేటి మహారాష్ట్రములోని హింగన్‌ఘాట్ అను గ్రామము కడ ప్రాణములు విడిచెను. ఆయన సమాధి అచ్చటనే యున్నది. ఆయన కొలిచిన భూభాగము లక్షా అరువదియైదు వేల చదరపు మైళ్లకు పైమాట. ఎవరెస్టు ఆ చాపరేఖను 1841 నాటికి హిమాలయముల పాదము వరకు కొనిపోయెను. ప్రపంచమున మిక్కిలి యెత్తైన శిఖరమునకు శిష్యుని పేరు నిలిచినది. గురువు పేరు ఎరిగినవారు కొద్దిమంది.

అయితే లాంబ్టన్ నాటిన విత్తనము ఆయన ఊహింపని ఫలమును ఇచ్చెను. 1897 జూన్ 12న అస్సాములో ఘోరమైన భూకంపము కలిగెను. ఓల్డుహాము అను భూగర్భశాస్త్రజ్ఞుడు దానిని పరిశోధించెను. అచ్చటి ఖాసీ కొండలపై సర్వేవారు మునుపు పెట్టిన గుర్తులను మరల కొలువగా, వాని నడిమి దూరములు మారియుండెను. కదలవని తలచిన కొండలే జరిగినవి. 1906లో అమెరికాలోని శాన్‌ఫ్రాన్సిస్కో నగరము భూకంపమున నాశనమైనప్పుడు రీడ్ అను శాస్త్రజ్ఞుడు అట్టి పాత కొలతలను, కొత్త కొలతలను పక్కపక్కన పెట్టి చూచెను. భూకంపమునకు ఎన్నో యేండ్లకు ముందునుండియే భ్రంశరేఖకు ఇరుప్రక్కల నేల మెల్లగా వంగుచు వచ్చినదని ఆయన గ్రహించెను.

దీనిని ఒక వెదురుబద్దతో తెలిసికొనవచ్చును. బద్దను రెండు చేతులతో పట్టి మెల్లగా వంచుడు. అది కొంతవరకు వంగును, లోపల బిగువు పెరుగును. ఓర్పు మించినప్పుడు ఫటాలున విరిగి, ముక్కలు తిన్ననగును. భూమిలోని శిలలును ఇట్టివే. లోతైన పగుళ్ల వెంట, అనగా భ్రంశముల వెంట, శిలలు ఒకదానినొకటి ఒరసికొని చిక్కుకొని యుండును. భూఫలకములు నెట్టుచుండగా అవి వంగును. పట్టు తప్పిననాడు ఒక్కపెట్టున జారును. ఆ జారుటయే భూకంపము. కావున భ్రంశమునకు ఇరువైపుల నేల ఏటికెంత కదలుచున్నదో, తుది భూకంపము ఎప్పుడు వచ్చినదో తెలిసిన, అచ్చట ఎంత బిగువు పోగుపడినదో అంచనా వేయవచ్చును. ఏ దినమున భూమి కంపించునో ఎవరును చెప్పజాలరు. ఎచ్చట అపాయమెక్కువ యని మాత్రము చెప్పవచ్చును. హిమాలయముల అడుగున ఏటేట దాదాపు 2 సెంటీమీటర్ల కదలిక ఇట్లు చిక్కుపడుచున్నది. నూరేండ్లలో అది 2 మీటర్లగును. అందుచేతనే ఆ ప్రాంతమున భయమెక్కువ.

మరి మన దక్షిణాపథము మాటయేమి? ఈ ప్రశ్న 1993లో తీవ్రమయ్యెను. ఆ యేడు సెప్టెంబరు 30న తెల్లవారుజామున మహారాష్ట్రములోని కిల్లారి ప్రాంతము కంపించెను. లాంబ్టన్ చాపరేఖ సాగిన బీదరునకు పడమరగా సుమారు నూరు కిలోమీటర్ల దూరమున నున్న ఊరది. నిద్రలో నున్న పదివేలమందికి దగ్గరగా మరణించిరి. మరుసటి సంవత్సరము భారతీయ, విదేశీయ శాస్త్రజ్ఞులు కలిసి దక్షిణభారతమునందలి కొండల నెక్కిరి. లాంబ్టన్ అనంతరము 1860, 70 దశకములలో సర్వేవారు మేలైన యంత్రములతో ఆయన కొలతలను సవరించి, శిఖరములపై గుర్తులు చెక్కియుండిరి. ఆ గుర్తులను వెదకి, వానిపై ఉపగ్రహముల సంకేతములను అందుకొను జి.పి.యస్. యంత్రములను నిలిపి, దూరములను మరల కొలిచిరి. నూరేండ్లకు మించిన కాలములో ఆ త్రిభుజముల ఆకారమున చెప్పుకొనదగిన మార్పు కనబడలేదు. మన నేల ఈశాన్యముగా కదలుచున్నను, ఒక్క పలకవలె కలిసి కదలుచున్నదనియు, దానిలో బిగువు మిక్కిలి మెల్లగా పెరుగుననియు ఇందువలన తెలిసెను.

దీనిని బట్టి మనకు అపాయమే లేదని భావింపరాదు. 1967లో ఒంగోలును, 1969లో భద్రాచలమును భూకంపములు తాకినవి. బిగువు మెల్లగా పెరుగుచోట భూకంపములు అరుదు. అరుదు గనుక జనులు వానిని మరతురు. మరచినవారు గోడలను గట్టిగా కట్టరు. కిల్లారిలో మనుష్యులను చంపినది భూమి కాదు. మట్టి అతుకుతో బరువైన రాళ్లు పేర్చిన గోడలును, వానిపైని మందపు మిద్దెకప్పులును వారిని చంపినవి. మన పల్లెలలోను అట్టి ఇండ్లు నేటికిని కలవు. గోడల మూలలు విడిపోకుండ కట్టి, చుట్టును కాంక్రీటు పట్టీ వేసిన, చిన్న కంపములలో ప్రాణములు దక్కును. కొలత చెప్పిన మాటను ఆచరణలో పెట్టుట మన విధి.

నేడు బెంగుళూరు, హైదరాబాదు నగరములలోని శాస్త్రసంస్థలలో ఉపగ్రహ సంకేతములను రేయింబవళ్లు అందుకొను యంత్రములు కలవు. అవి నేల కదలికను మిల్లీమీటర్లలో చెప్పుచున్నవి. లాంబ్టన్ గొలుసుతో 57 దినములు పడిన శ్రమ ఇప్పుడక్కరలేదు. కాని ఎంత గొప్ప యంత్రమైనను గడచిన నూరేండ్లను కొలువజాలదు. దానికి గతకాలపు వారు విడిచిన నమ్మకమైన కొలత తోడు కావలెను.

బాలలారా! దక్షిణదేశపు శిఖరములపై అచ్చటచ్చట రాతిలో చెక్కిన చిన్న వలయమును, దాని నడుమ ఒక చుక్కను మీరు చూడవచ్చును. అది సర్వేవారి గుర్తు. దానిక్రింద నిధినిక్షేపము లేదు. రాయి పగులగొట్టువారు కొందరు తెలియక అట్టి గుర్తులను చెరిపివేసిరి. చెరిగిన గుర్తును ఎంత ధనము పోసినను మరల తేలేము. ఎవరును మెచ్చుకొనకున్నను, ఫలము తన కన్నుల చూడకున్నను, చేయు పనిని అంగుళము తప్పకుండ చేయుటయే లాంబ్టన్ జీవితము మనకు నేర్పు పాఠము. ఒకని నిజాయితీ తరువాతి తరములవారికి ఆస్తి యగును.